రోంత మిగిలిన కరెంటు

మూడు దినాలుగా నొక్కుతానే ఉండా.
లైటు లేదు, ఫ్యాను సద్దు లేదు.
పదకొండేండ్ల వాన దాంట్లో ఉంది.

వానంటే వాన కాదు, లెక్క.
ఉరవకొండలో మా మిద్దె మీద
కొలగాజు పెట్టి,
పొద్దున ఎనిమిదిన్నరకు వంగి చూసి,
ఎన్ని మిల్లీమీటర్లో ఎక్కించుకునేది.
ఎవరూ చెయ్యమనలేదు.
సున్నా, సున్నా, సున్నా,
రెండు పాయింట్ నాలుగు,
మళ్ళా సున్నా.

అనంతపురం తీసకపోతే
టవర్ క్లాకు కాడ పిల్లోడు మూత తెరవకనే చెప్పినాడు,
"పాతదన్నా, బోర్డు పోయింటుంది.
దీనికి పెట్టే దుడ్లకు రోంత ఏస్తే కొత్తదే వస్తుంది."
లోపలిదన్నా తీసియ్యమంటే రెండువేలన్నాడు.
సున్నాలకు రెండువేలా అనుకుంటా బస్సెక్కినా.

కుళ్లాయప్పది మోటార్ వైండింగ్ అంగడి.
బోర్లలో నుంచి పైకి లాగిన మోటార్లు
ఆస్పత్రి వరండాలో మనుషుల మాదిరి
గోడకానుకుని ఉంటాయి.
వార్నీషు వాసన. రాగితీగ చుట్టలు.
ల్యాప్‌టాప్ ఎప్పుడూ విప్పలేదంట.
"అయితే ఏమప్పా, మోటారు ఎత్తుకోకుంటే ఏం చేస్తాం?
కరెంటు యాడిదాకా వచ్చిందో చూస్తాం.
నీళ్ల సంగతి ఆనక."

సాకెట్టులో టెస్టర్ గుచ్చినాడు, వెలిగింది.
ఛార్జరు మొనకు మీటరు ముల్లు ఆనించినాడు.
పంతొమ్మిది రావాల.
పంతొమ్మిది, సున్నా, పదకొండు, సున్నా.
చూడను నా లెక్కల పుస్తకం మాదిరే ఉంది.
వైరు లోపల తెగింది,
దినామూ మడిచి నేను సంచిలో పెట్టే మడత కాడనే.
కోసి, అతికి, టేపు చుట్టినాడు.
అయినా లేదు.

అడుగు విప్పినాడు.
ఫ్యాను రెక్కల సందున ఎర్ర దుమ్ము,
మన చేన్లదే, పొర కట్టింది.
బ్యాటరీ కడుపుబ్బింది;
తేలును పట్టినట్టు రెండేళ్లతో ఎత్తి
అరుగు మీద దూరంగా పెట్టినాడు.
మెమరీ పట్టీ ఊడబెరికి
కొడుకు జామెట్రీ డబ్బాలో రబ్బరుతో
పండ్లు తోమినట్టు తోమినాడు.
అయినా లేదు.

హిందూపురంలో మేనల్లుడికి ఫోను కొట్టినాడు.
"అన్నీ పీకేసి, ఉత్తదాన్ని
ముప్పై లెక్కపెట్టేదాకా నొక్కి పట్టు మామా."
"ఏమీ లేకుండా నొక్కేదేందిరా?"
"లోపల రోంత కరెంటు మిగిలి ఉంటాది.
అదే అడ్డం పడేది. అది పోతేనే కొత్తది వచ్చేది."

నేను లెక్కపెడతాంటే
వార్నీషు పట్టిన బొటనేలితో
అతడు నొక్కి పట్టినాడు.
ఎనిమిది, తొమ్మిది.
అంగట్లో ఇద్దరమూ ఊపిరి సన్నం చేసుకున్నాం.
పదిహేడు.
నీళ్లు అయిపోయినాక కూడా
మోటారు కాసేపు తిరుగుతాదే,
ఆ చప్పుడు ఎండిన బోరు దగ్గర నిలబడినోళ్లకే తెలుసు.
ఇరవై తొమ్మిది.
ముప్పై.

వైరు తగిలించి మళ్ళా నొక్కినాడు.
ముందు గాలి వచ్చింది, దుమ్ము కక్కుకుంటా.
ఆనక వెలుగు.
తేదీ మటుకు రెండువేల తొమ్మిది జనవరి ఒకటి అంటాంది.
లోపల గుండీ అంత బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయి
కాలమంతా మర్చిపోయింది.
వాన మర్చిపోలేదు.
సున్నాలు, సున్నాలు,
ఒక్కోచోట అంకె.

ఎంతియ్యాలంటే చెయ్యి అడ్డం ఊపినాడు.
కండ్లద్దాలు తుడుచుకుని దగ్గరికి జరిగి,
"నా మూడో బోరు ఎండిన ఏడు ఉందా దాంట్లో?
ఆగస్టు నెల చూడు" అన్నాడు.
చూసినా.
నెలంతా కలిపి తొమ్మిది పాయింట్ రెండు.

వీధిలో ట్రాక్టరొకటి పోయేదాకా ఆగి
"అంత పడిందా?" అన్నాడు.

అడుగు బిగించినాక మూడు స్క్రూలు మిగిలినాయి.
కాగితంలో చుట్టి నా జేబులో పెట్టినాడు.